గ్రంథాలయము - జనసభ
(చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమును దృష్టియందుంచుకొని చేసిన పరిశీలనము)

గ్రంథాలయ చరిత్ర వ్రాయువారు సాధారణముగా మూడు విషయములను పేర్కొందురు: స్థాపన సంవత్సరము, గ్రంథముల సంఖ్య, భవన నిర్మాణము. ఈ మూడును ఆవశ్యకములే. కాని పూర్వపు హైదరాబాదు రాష్ట్రమున గ్రంథాలయము జనజీవనములో ప్రవేశించిన ద్వారము పుస్తకపు బీరువాకంటె ముందుగా సభావేదిక. వార్షికోత్సవము, కవి జయంతి, ఉపన్యాసము, పురాణ పఠనము, పత్రికా పఠనము, రాత్రి పాఠశాల - ఇట్టి కార్యక్రమములవలననే అక్షరమెఱుగని గ్రామీణుడు సైతము గ్రంథాలయమును తన సంస్థగా భావించెను. ఈ కార్యక్రమముల చరిత్రకు మన పరిశోధనలో తగిన స్థానము ఇంకను లభింపలేదు. రాజధానికి పడమటనున్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమును ఉదాహరణముగా గ్రహించి, ఈ విషయమును స్థూలముగా పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

పూర్వరంగము

ఈ భూభాగమునకు అక్షరసంబంధము క్రొత్తది కాదు. మొయినాబాదు మండలములోని ఎనికెపల్లి గ్రామపు చెరువు తూమునొద్ద శాసనయుక్తములైన రెండు జైన స్తంభములు 2023లో వెలుగులోనికి వచ్చినవి. సమీపమందలి చిలుకూరున పూర్వము ఒక జైన వసది యుండెనని వీనివలన తెలియుచున్నది. దేవాలయమునకు చెందిన స్తంభము తూము గోడలో చేరుట మన గ్రామములలో అరుదైన విషయము కాదు. ఒక యుగపు విద్యాస్థానము మఱియొక యుగమున కేవలము రాయిగా మిగిలినది.

పూర్వపు నిజాం రాజ్యములోనిదే యగు గుల్బర్గా మండలమున, చిత్తాపురము సమీపమునగల నాగాయి శాసనము ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము. క్రీ. శ. 1058 నాటి యీ శాసనమున ఒక ఘటికాశాలయు, అందలి వేదశాస్త్ర విద్యార్థులును, అధ్యాపకులును, వారితోపాటు ఆఱుగురు సరస్వతీ భాండారికులును పేర్కొనబడిరి. భాండారికులకు అధ్యాపకులతోపాటు వృత్తి ఏర్పఱచుటనుబట్టి పుస్తకరక్షణము విద్యాదానములో ఒక అంగమని ఆ కాలమువారు గ్రహించిరని చెప్పవచ్చును. అయితే ఆ భాండారము ఘటికలోని విద్యార్థులకు ఉద్దేశింపబడినది. సామాన్యజనులకు గ్రంథము చెవి ద్వారమున చేరినది. రచ్చబండపై, దేవాలయ మండపమున, మఱ్ఱిచెట్టు నీడను జరుగు పురాణ పఠనము, హరికథ, యక్షగానము వారి గ్రంథాలయములు. ఆధునిక గ్రంథాలయ కార్యక్రమమునకు వేరు ఇచటనే యున్నది. మొయినాబాదునుండి చేవెళ్ల మీదుగా పోవు దారికి ఇరువైపుల వందలకొలది మఱ్ఱిచెట్లు నేటికిని నిలిచియుండుట ఈ సందర్భమున స్మరింపదగినది.

భాషానిలయముల ఆవిర్భావము

తెలంగాణమున ఆధునిక గ్రంథాలయోద్యమము 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనతో ఆరంభమైనది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ఈ సంస్థకు మూలపురుషులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదునందు ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును వెలసినవి. 1906లో హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడి, చరిత్ర, జీవచరిత్ర, ప్రకృతిశాస్త్ర విషయములపై తెలుగున పుస్తకములను ప్రకటింప నారంభించెను. చదువుటకు స్థలమును, చదువదగిన పుస్తకమును ఒకే కాలమున, ఒకే బృందమువారి చేతులమీదుగా ఏర్పడుట గమనింపదగిన విషయము.

ఈ సంస్థల పేరులు విచారింపదగినవి. ఇవి పుస్తకశాలలని గాక భాషానిలయములని పేరుపెట్టుకొనినవి. రాజభాష పారసీకముగాను, తరువాత ఉర్దూగాను ఉన్న రాజ్యమున, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయముకూడ ఉర్దూ బోధనా భాషగా గల కాలమున, తెలుగు బహిరంగముగా వినబడుటకు ఒక గూడు కావలసియుండెను. భాష నిలిచియుండవలెనన్న అది పుస్తకములో ఉన్నంతమాత్రమున చాలదు. అది సభలో పలుకబడవలెను.

1921 నవంబరులో జరిగిన ఉదంతము ఇందుకు ప్రబల నిదర్శనము. హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాల ప్రాంగణమున జరిగిన సంఘసంస్కార మహాసభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడ నారంభింపగా సభికులలో కొందఱు గేలిచేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్రజన సంఘము పుట్టినది. గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను నెలకొల్పుట ఈ సంఘపు ప్రధానాశయములలో ఒకటి. సభలో భాషకు జరిగిన అవమానమునకు గ్రంథాలయ స్థాపనము సమాధానముగా ఎన్నుకొనబడుటను పరిశోధకులు ప్రత్యేకముగా గుర్తింపవలెను. నాటివారి దృష్టిలో గ్రంథాలయము తెలుగున మాటలాడుటకు అభ్యాసభూమి.

సర్కారు ప్రాంతపు ఆదర్శము

ఇదే కాలమున కోస్తా జిల్లాలలో ఉద్యమము వేఱొక రీతిని వర్ధిల్లెను. 1897లో పశ్చిమగోదావరి ప్రాంతమందలి కుముదవల్లిలో వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయము వెలసినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. అయ్యంకి వేంకటరమణయ్య దానికి ప్రాణము పోసినవారు. వారి కృషితో 1919 నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగెను. బరోడా సంస్థానమున శాయాజీరావు గైక్వాడు 1910 తరువాత ఏర్పఱచిన ఉచిత గ్రంథాలయ వ్యవస్థ అందఱకును ఆదర్శముగా నుండెను. బరోడాలో ప్రభువు సంకల్పించి ప్రజలకిచ్చిన దానిని ఆంధ్రదేశమున ప్రజలే చందాలెత్తి నిర్మించుకొనిరి.

పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకునివద్దకు పోవలెనన్న సూత్రమును ఉద్యమకారులు ఆచరణలో పెట్టిరి. గ్రంథాలయ యాత్రలు చేసిరి. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా పశ్చిమ డెల్టా కాలువమీద, కొల్లిపర పెదవడ్లపూడి గ్రామముల నడుమ, పడవలో గ్రంథాలయమును నడపిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్యను గ్రంథాలయముతో ముడిపెట్టిరి. వీనియన్నిటను పుస్తకమునకును ప్రజలకును నడుమ ఒక కార్యక్రమము సంధానముగా నున్నది.

అనుమతి లేనిదే సభ లేదు

కోస్తా జిల్లాలకును నిజాం రాష్ట్రమునకును గల ప్రధాన భేదము సభా స్వాతంత్ర్యము. నిజాం రాష్ట్రమున బహిరంగ సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. ‘గస్తీ నిషాన్ 53’ అని పేరుమోసిన ఉత్తరువు ఈ నిర్బంధమును కట్టుదిట్టము చేసినది. గ్రంథాలయ సభలును ఈ నిఘానుండి తప్పించుకొనలేదు. అయినను రాజకీయేతరమని చెప్పుకొనదగిన సమావేశములలో గ్రంథాలయ వార్షికోత్సవము ముఖ్యమైనది. అందువలన నాటి గ్రంథాలయ కార్యక్రమమునకు రెండు ముఖములేర్పడినవి. కార్యక్రమ పత్రమున ప్రార్థన, నివేదిక, ఉపన్యాసము, పద్యపఠనము మాత్రమే కనబడును. కాని ఆ ఉపన్యాసము విని యింటికి మరలిన రైతు తన భాషలో తన కష్టమును పదిమందియెదుట చెప్పవచ్చునన్న యెఱుకతో మరలెను.

1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ మహాసభలు జరిగినవి. ఆంధ్రజన సంఘము వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల హక్కులను గూర్చియు చిన్న పుస్తకములను ముద్రించి పంచిపెట్టెను. నీలగిరి పత్రిక, తెలుగు పత్రిక 1922లోను, గోలకొండ పత్రిక 1926లోను వెలువడినవి. 1951 జనాభా లెక్కలనాటికిని రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి పదిమందికన్న తక్కువ. అట్టిచోట పత్రిక ఒకరు చదువగా పదుగురు వినవలసినదే. కావున పత్రికా పఠనము నాటి గ్రంథాలయ కార్యక్రమములలో అత్యంత ప్రయోజనకరమైనదని ఊహింపవచ్చును. ఒక ప్రతి ఎందఱి చేతులలో పడెనన్న ప్రశ్నకన్న ఎందఱి చెవులలో పడెనన్న ప్రశ్న ఇచట సమంజసము.

1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగెను. గ్రంథాలయ సభలలో అధ్యక్షత, ఉపన్యాసము, తీర్మానము, నివేదిక అను సభాధర్మములను అలవఱచుకొనిన కార్యకర్తలు ఈ మహాసభకు సిద్ధముగా నుండిరి. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపణమునకు ఉత్తరముగా ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించుటకును ఇట్టి జనసంబంధమే తోడ్పడినది. ఊరూర పత్రికను అందుకొనువారు, కవిత్వము వ్రాయువారు, తెలిసి చెప్పువారు లేనిచో అంతటి సంకలనము సాధ్యము కాదు.

స్త్రీల విషయమును ఇచటనే ప్రస్తావింపవలెను. ఆంధ్ర మహాసభతోపాటు ఆంధ్ర మహిళాసభయు జరుగుచుండెను. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ, 1936లో షాద్‌నగరున బూర్గుల అనంతలక్ష్మమ్మ, 1937లో నిజామాబాదున నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించిరి. ఘోషా బలముగానున్న రాజ్యమున స్త్రీ వేదికనెక్కి అధ్యక్షోపన్యాసము చేయుట సామాన్యము కాదు. బహిరంగ కార్యక్రమము లేని గ్రంథాలయమున స్త్రీకి పుస్తకము ఇంటికి చేరవచ్చును గాని, స్త్రీ గొంతు ఊరికి చేరదు.

అత్రాఫె బల్దా

ఇక మన ప్రస్తుత ప్రాంతమునకు వత్తము. హైదరాబాదు నగరమును చుట్టియున్న జిల్లాకు అత్రాఫె బల్దా అని పేరు. నగర పరిసరమని దాని యర్థము. ఇది దివానీ ఇలాకా కాదు. నిజాము ప్రభువు స్వంత వ్యయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాస్ భూమి. 1949లో సర్ఫెఖాస్ రద్దై దివానీలో కలిసినది. పిదప ఏర్పడిన హైదరాబాదు జిల్లాలో చేవెళ్ల తాలూకా కేంద్రమైనది. 1978లో హైదరాబాదు జిల్లానుండి రంగారెడ్డి జిల్లా వేఱుపడినది.

రాజధానికి సమీపమున నుండుట ఈ గ్రామములకు మేలు కీడు రెండును కలిగించినది. 1908 సెప్టెంబరులో మూసీ వఱదలు నగరమును ముంచిన తరువాత, వఱద నివారణకును నగరపు నీటి సరఫరాకును రెండు జలాశయములు నిర్మింపబడినవి. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ఈ రెంటికిని నీరు వచ్చు క్షేత్రములో మొయినాబాదు ప్రాంతము ముఖ్యభాగము. ఇచటి వాన నగరమునకు దాహము తీర్చెను. నగరములోని విద్య మాత్రము అదే దారిన, అంతే ధారగా ఈ ఊళ్లకు మరలి రాలేదు. భాషానిలయము సుల్తాన్ బజారులో ఉన్నది. ఆసఫియా గ్రంథాలయము 1891నుండి రాజధానిలో ఉన్నది. చదువుకొనదలచిన గ్రామబాలుడు నగరమునకు పోవలెను.

అట్లు పోయినవారిలో అగ్రగణ్యుడు కొండా వేంకట రంగారెడ్డి. మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున 1890లో జన్మించి, హైదరాబాదున న్యాయవాదియై, 1936లో షాద్‌నగరునందును, 1943లో హైదరాబాదునందును జరిగిన ఆంధ్ర మహాసభలకు అధ్యక్షత వహించెను. పిదప రాష్ట్ర మంత్రిగాను, ఉపముఖ్యమంత్రిగాను పనిచేసి 1970లో దివంగతుడయ్యెను. జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది. మాతృభాషలో ప్రాథమిక విద్య, గ్రంథాలయముల వ్యాప్తి, సభలపై నిర్బంధముల తొలగింపు ఆంధ్ర మహాసభలలో మరల మరల వచ్చిన కోరికలు. చేవెళ్ల ప్రాంతపు గ్రామమున పుట్టిన వ్యక్తి ఇట్టి సభకు రెండుమాఱులు అధ్యక్షుడగుట, ఈ ప్రాంతపు విద్యాచరిత్రను రాష్ట్రచరిత్రతో కలుపు దృఢమైన లంకె.

ఇచట ఒక పొరపాటును వారింపవలసియున్నది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన అష్టమాంధ్ర మహాసభ చిలుకూరున జరిగినది. ఆ చిలుకూరు నాటి నల్లగొండ జిల్లా హుజూర్‌నగరు తాలూకాలోనిది. మొయినాబాదు చెంత బాలాజీ దేవాలయముగల చిలుకూరు వేఱు. గ్రామనామ సామ్యముచే ఒక ప్రాంతపు కీర్తిని మఱియొక ప్రాంతమునకు అంటగట్టుట స్థానిక చరిత్రలలో తఱచు కనిపించు దోషము. స్థానికాభిమానము సత్యమునకు లోబడియే యుండవలెను.

చట్టముల యుగము

స్వాతంత్ర్యానంతరము గ్రంథాలయము ప్రభుత్వ బాధ్యతయైనది. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము, 1955లో హైదరాబాదు పౌరగ్రంథాలయ చట్టము వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము 1960లో రెంటి స్థానమున ఒకే చట్టము ఏర్పడెను. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని క్రింద శాఖా గ్రంథాలయములు, వీని పోషణకు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు - ఇది దీని నిర్మాణము. రూపాయి పన్నునకు 8 పైసల చొప్పున స్థానిక సంస్థలు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఆసఫియా గ్రంథాలయము రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది.

ఈ చట్టమువలన కలిగిన మేలు తక్కువది కాదు. చందాపై జీవించు సంస్థ దాత మరణించినచో మూతపడును. పన్నుపై జీవించు సంస్థ నిలుచును. చందా కట్టలేని పేదకును పుస్తకముపై హక్కు ఏర్పడినది. గ్రంథపాలకునకు జీతము, గ్రంథములకు నియమిత వ్యయము సమకూడినవి. కాని ఒక మార్పు చడిచప్పుడు లేకుండ జరిగినది. చందా వసూలు చేయువాడు ఏటేట సభ జరిపి ఊరికి లెక్క చెప్పవలసియుండెను. వార్షికోత్సవమున నివేదిక చదువుట అలంకారము గాదు. అది ఊరిపట్ల సంస్థకుగల జవాబుదారీ. సెస్సు వచ్చిన పిమ్మట లెక్క పై అధికారికి పోయినది, సభ అవసరము తప్పినది. సెస్సు వసూలుచేయు సంస్థ వేఱు, వ్యయముచేయు సంస్థ వేఱు అగుటచే, తాను కట్టిన పైసలు ఏ పుస్తకముగా మాఱినవో ఊరివానికి తెలియు మార్గము సన్నగిల్లెను.

వారోత్సవము

1919 నవంబరు 14 నాటి మద్రాసు సభకు స్మృతిచిహ్నముగా, 1968నుండి భారత గ్రంథాలయ సంఘము నవంబరు 14 మొదలు 20 వఱకు జాతీయ గ్రంథాలయ వారోత్సవములను జరుపు సంప్రదాయమును నెలకొల్పినది. నేడు తెలుగునాట శాఖా గ్రంథాలయములలో ఈ వారము పుస్తక ప్రదర్శనము, వక్తృత్వ వ్యాసరచన పోటీలు, కవి సమ్మేళనము, మహిళలకు ప్రత్యేక కార్యక్రమము, కడపటి దినమున బహుమతి ప్రదానము జరుగుట పరిపాటి. ఏడుదినముల యీ పట్టికను నాటి భాషానిలయ వార్షికోత్సవముతో పోల్చినచో అంగములన్నియు ఇంచుమించుగా ఒకటే. ప్రాచీన పురాణ పఠనముయొక్క వారసత్వము ఇందు స్పష్టము. లోపించినది ఒక్కటే: ఊరివారు నిర్వాహకులై కార్యక్రమమును తామే నిర్ణయించుకొను అధికారము.

నేడు శాఖా గ్రంథాలయములను అధికముగా నుపయోగించువారు ఉద్యోగ పోటీ పరీక్షలకు చదువు యువజనులు. దీనిని నిరసించుట న్యాయము కాదు. ఇంట స్థలములేని విద్యార్థికి నిశ్శబ్దమైన బల్ల, కుర్చీ, దినపత్రిక దొరకుట మహోపకారము. 1943లో స్థాపితమైన ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలకు నాటి యువకులు చదివినట్లే నేటివారు చదువుచున్నారు. కాని నిశ్శబ్దమును కోరు పాఠకుడును, గొంతువిప్పు సభయు ఒకే గదిలో ఇముడుట కష్టము. చేవెళ్ల, మొయినాబాదువంటి మండల కేంద్రములలో ఈ సమస్య తీవ్రతరమగును. నగరము పడమటికి పెరుగుచు, పొలములు ఇంటిస్థలములగుచు, పాతకాపులును క్రొత్తగా వచ్చినవారును ఒకరినొకరు ఎఱుగని స్థితి యేర్పడుచున్నది. ఇట్టిచోట ఇరువురును కులమత పక్ష భేదములేక కలిసి కూర్చుండదగిన స్థలము గ్రంథాలయముకంటె వేఱొకటి సులభముగా దొరకదు. 1949లో యునెస్కో ప్రకటించిన పౌరగ్రంథాలయ ప్రణాళికయు గ్రంథాలయమును ప్రజావిద్యకు సజీవ కేంద్రముగా భావించినది. ఉదయము పఠనము, సాయము సభ అను కాలవిభాగము పూర్వపు భాషానిలయముల అనుభవమునకు అనుగుణమైన పరిష్కారము.

పరిశోధకుల కర్తవ్యము

పై పరిశీలనమువలన తేలిన సారాంశము ఇది. హైదరాబాదు రాష్ట్రమున గ్రంథాలయ కార్యక్రమము తెలుగును ఇంటిభాష స్థానమునుండి సభాభాష స్థానమునకు తెచ్చెను. సభానిర్బంధముల కాలమున ప్రజలకు సభాధర్మమును నేర్పెను. స్త్రీలకును నిరక్షరులకును గ్రంథముతో సంబంధము కలిగించెను. చట్టము గ్రంథాలయమునకు స్థిరత్వమిచ్చెను గాని, సభను ఐచ్ఛికము చేసెను.

ఈ చరిత్రకు ఆధారములు ముద్రిత గ్రంథములలో కొంతవఱకే లభించును. మాడపాటి హనుమంతరావుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ వంటి రచనలు ప్రధానఘట్టములను తెలుపును. కాని ఒక యూరి గ్రంథాలయమున ఏనాడు ఎవరు ఏ విషయముపై మాటలాడిరి, ఎందఱు వినిరి, ఆ సంవత్సరము ఏ పుస్తకము అధికముగా చదువబడెను అను విషయములు ఆహ్వాన పత్రికలలో, కరపత్రములలో, సభాకార్య వివరణ పుస్తకములలో, చందా రసీదులలో, పుస్తకములు తీసికొనిపోయినవారి సంతకముల పట్టికలలో మాత్రమే నిలిచియుండును. వీనిని కాపాడు నియమమేదియు లేదు. సభ ముగిసిన మఱునాడు ఆహ్వానపత్రము చిత్తుకాగితమగును.

కావున విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలోని పరిశోధక విద్యార్థులు ఒక్కొక్క మండలమును గ్రహించి ఇట్టి పత్రములను సేకరించుట, వృద్ధులైన పాఠకులనుండియు గ్రంథపాలకులనుండియు వృత్తాంతములను వ్రాసికొనుట అత్యవసరము. చేవెళ్ల, మొయినాబాదు మండలములతో ఈ పని ఆరంభించినచో రెండు ప్రయోజనములు కలవు. సర్ఫెఖాస్ ఇలాకాలోని అక్షర చరిత్ర దివానీ జిల్లాల చరిత్రతో పోల్చి చూడదగినంత స్పష్టమగును. నగరవిస్తరణమునకు లోబడి రూపుమాఱుచున్న గ్రామముల జ్ఞాపకము, ఆ గ్రామముల రూపము పూర్తిగా మాఱకమునుపే, భద్రపఱుపబడును. ఎనికెపల్లి చెరువు తూములోని స్తంభము వేయేండ్లు నిలిచి తన మాట చెప్పినది. కాగితమునకు అంత ఆయువు లేదు.